రెండంగుళాల సున్నం ఉండ.. సముద్రాన్ని తట్టుకుంది!

డిగ్రీ లేదు. ఆ పనిలో అనుభవం అసలే లేదు. అంతకుముందు ప్రయత్నించినవాళ్లలో ఒకరిని సముద్రం మింగేసింది. అయినా నడిసంద్రంలో రాతి లైట్‌హౌస్ కట్టడానికి 31 ఏళ్ల యువకుడు ఒప్పుకొన్నాడు. కట్టే ముందు అతను చేసిన పని ఒక్కటే.. మాలును పరీక్షించడం. ఆ పరీక్షే సిమెంటు చరిత్రను మలుపు తిప్పింది. సివిల్ ఇంజినీర్ అనే పేరు కూడా ఆయనతోనే జనంలోకి వచ్చింది. ఆయనే జాన్ స్మీటన్.

సివిల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఇంటర్వ్యూల్లో ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. సిమెంటు తగ్గించి ఫ్లైయాష్‌ లాంటివి కలిపితే మోర్టార్ బలం తగ్గదా అని అడుగుతారు. తగ్గుతుందని చెప్పినా పూర్తి జవాబు కాదు, తగ్గదని చెప్పినా కాదు. ఏం కలిపారు, ఎంత కలిపారు, ఎన్నో రోజున పరీక్షించారు? ఈ మూడూ తెలిస్తేనే జవాబు. ఆ ఆలోచన ఎక్కడ మొదలైందో తెలియాలంటే సుమారు 270 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

లా వద్దు.. లేత్ కావాలి

ఇంగ్లండ్‌లోని లీడ్స్ పట్టణం దగ్గర ఆస్ట్‌హోర్ప్‌ అనే చోట 1724 జూన్ 8న స్మీటన్ పుట్టాడు. తండ్రి న్యాయవాది. పిల్లాడు కూడా అదే వృత్తిలోకి రావాలని ఆయన కోరిక. కానీ జాన్‌కు చిన్నప్పటి నుంచీ బొమ్మల కన్నా పనిముట్లంటేనే ఇష్టం. ఎక్కడైనా పంపు బిగిస్తుంటే గంటల తరబడి నిలబడి చూసేవాడు. కాస్త పెద్దయ్యేసరికి ఇంట్లోనే చిన్న వర్క్‌షాప్ పెట్టేసుకున్నాడు. లోహాన్ని పోత పోయడం, లేత్ మీద చెక్కను తిప్పడం సొంతంగా నేర్చుకున్నాడు.

లీడ్స్ గ్రామర్ స్కూల్లో చదువు అయ్యాక తండ్రి ఆఫీసులో కొన్నాళ్లు కూర్చున్నాడు. 1742లో తండ్రి లా చదవడానికి లండన్ పంపించాడు. అక్కడికి వెళ్లాక అర్థమైపోయింది, తన దారి ఇది కాదని. మన ఇళ్లలో అయితే ఇలాంటి చోట పెద్ద గొడవే జరుగుతుంది. స్మీటన్ మాత్రం తన వాదనంతా కాగితం మీద పెట్టి తండ్రికి రాశాడు. తండ్రి కాదనలేదు. నీకు నచ్చిందే చేసుకోమన్నాడు.

తర్వాత లండన్‌లో సైన్స్ పరికరాలు తయారుచేసే పని నేర్చుకుని సొంత దుకాణం పెట్టాడు. ఓడల దిక్సూచి, గాలి తోడే పంపు.. ఇలా చేతికొచ్చిన ప్రతి పరికరాన్నీ ఇంకాస్త మెరుగ్గా చేయడమే పని. అలా చేసిన పనుల గురించి రాసిన వ్యాసాలు రాయల్ సొసైటీ దృష్టిలో పడ్డాయి. 1753లో, ఇంకా 29 ఏళ్లు నిండకుండానే, ఆ సంస్థ ఫెలోగా ఎన్నికయ్యాడు. యూనివర్సిటీ మెట్లు ఎక్కని కుర్రాడికి అది చిన్న గుర్తింపేం కాదు.

ఒక్కొక్కటిగా మార్చి చూడు..

స్మీటన్‌ను మిగతా మేస్త్రీల నుంచి వేరు చేసింది ఒక అలవాటు. అప్పట్లో చాలా మిల్లులు నీటి చక్రాలతోనే నడిచేవి. చక్రం కింది నుంచి నీరు తోస్తే మంచిదా, పై నుంచి పడితే మంచిదా? దీని మీద పండితులు లెక్కలు వేసి వాదించుకుంటున్నారు. స్మీటన్ వాదనలోకి దిగలేదు. చిన్న నమూనా చక్రం తయారు చేసుకున్నాడు. నీటి ఎత్తు మార్చి చూశాడు, మిగతావన్నీ అలాగే ఉంచాడు. తర్వాత బరువు మార్చి చూశాడు, మిగతావి అలాగే ఉంచాడు. ప్రతి ఫలితాన్నీ పట్టికలో రాసుకున్నాడు.

చివరకు తేలిందేంటంటే, పై నుంచి నీరు పడే చక్రం కింది నుంచి తోసేదాని కన్నా సుమారు రెట్టింపు పని ఇస్తుంది. ఈ పరిశోధనకే 1759లో రాయల్ సొసైటీ కాప్లీ మెడల్ ఇచ్చింది. ఒకసారికి ఒకే అంశాన్ని మార్చి, మిగతావాటిని కదపకుండా ఉంచడం.. ఇప్పుడు బీటెక్ ప్రాజెక్టుల్లో మనం చేసేది అదే. 15 శాతం, 25 శాతం, 35 శాతం ఫ్లైయాష్ అని మూడు నమూనాలు పోస్తాం కదా, అప్పుడు ఇసుకా నీళ్లూ మార్చం. మారిస్తే బలం ఎందుకు పెరిగిందో, ఎందుకు తగ్గిందో చెప్పలేం.

నీటి మీద చితి

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ప్లిమత్ రేవు ఉంది. దానికి సుమారు 22 కిలోమీటర్ల దూరంలో, సముద్రం మధ్యలో ఎడిస్టోన్ అనే రాళ్ల గుంపు. ఆటు వచ్చినప్పుడు తేలతాయి, పోటు వచ్చినప్పుడు దాదాపు మునిగిపోతాయి. ప్లిమత్‌కు వచ్చే ఓడలకు అవి యమపాశాలు. ఎన్ని ఓడలు వాటికి తగిలి బద్దలయ్యాయో!

హెన్రీ విన్‌స్టాన్లీ అనే ఆయన 1698లో అక్కడ మొదటి లైట్‌హౌస్ వెలిగించాడు. తన కట్టడం మీద ఆయనకు ఎంత నమ్మకమంటే, పెద్ద తుపాను వచ్చినప్పుడు అందులోనే ఉండాలని కోరుకునేవాడట. 1703 నవంబరులో ఇంగ్లండ్‌ను అతలాకుతలం చేసిన తుపాను వచ్చింది. ఆ రాత్రి ఆయన లోపలే ఉన్నాడు. తెల్లారేసరికి లైట్‌హౌస్ లేదు, ఆయనా లేడు.

తర్వాత జాన్ రడ్యర్డ్ అనే పట్టు వ్యాపారి ఓడలు కట్టే పద్ధతిలో కర్రతో రెండోది కట్టించాడు. అది దాదాపు 47 ఏళ్లు అలలను తట్టుకుంది. 1755 డిసెంబరులో దీపాల గదిలో నిప్పంటుకుని పైనుంచి కిందికి కాలిపోయింది. అక్కడి కాపలాదారు హెన్రీ హాల్‌కు 94 ఏళ్లు. బకెట్లతో నీళ్లు పైకి విసురుతుంటే కప్పు మీది సీసం కరిగి ఆయన మీద పడింది. కరిగిన సీసం నోట్లోకి పోయిందని ఆయన చెబితే ఎవరూ నమ్మలేదు. కొన్ని రోజులకు ఆయన చనిపోయాక వైద్యుడు చూస్తే కడుపులో సీసం ముద్ద ఉంది.

లైట్‌హౌస్ మీద హక్కులున్న భాగస్వాములు మూడోది కట్టడానికి మనిషి కావాలని రాయల్ సొసైటీ అధ్యక్షుణ్ని అడిగారు. ఆయన సూచించిన పేరు స్మీటన్. అప్పటికి స్మీటన్ ఒక్క లైట్‌హౌస్ కూడా కట్టలేదు. కానీ ఏ పనైనా మొదటి నుంచి తరచి చూస్తాడన్న పేరుంది.

అందరూ మళ్లీ కర్రే మేలన్నారు. కర్ర వంగుతుంది, రాయి విరుగుతుంది అన్నది వాళ్ల వాదన. స్మీటన్ ఒప్పుకోలేదు. ఎంత బరువుంటే అంత స్థిరం అన్నాడు. అడుగున వెడల్పుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడే ఓక్ చెట్టు మాను ఆకారాన్ని ఎంచుకున్నాడు. రాళ్లను ఒకదానిలో ఒకటి దిగేలా పావురం తోక ఆకారంలో చెక్కించాలని నిర్ణయించాడు. అన్నీ బాగున్నాయి. ఒక్కటే మిగిలింది. ఆ రాళ్లను పట్టి ఉంచే మాలు ఏది?

సున్నం ఎందుకు ఓడిపోతుంది?

అప్పటికి ఇప్పుడు మనం బస్తాల్లో కొనే సిమెంటు లేదు. కట్టుబడి అంటే సున్నమే. మన చార్మినార్ కూడా సున్నం గచ్చుతో నిలబడిందే. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి పొడి సున్నం మిగులుతుంది. దానికి నీళ్లు, ఇసుక కలిపి కడితే, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయిలా గట్టిపడుతుంది. అంటే దానికి గాలి కావాలి. నీళ్లలో ముంచితే గాలి అందదు. గట్టిపడదు, కరిగిపోతుంది.

ఎడిస్టోన్‌లో రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది. ఉదయం పెట్టిన రాయి కింది మాలును సాయంత్రానికల్లా అల కడిగేస్తుంది. కాబట్టి నీళ్లలోనే గట్టిపడే మాలు కావాలి. డచ్చివాళ్లు సున్నంలో ట్రాస్ అనే అగ్నిపర్వతపు రాతి పొడి కలుపుతారని అందరికీ తెలుసు. రెండు పాళ్లు సున్నం, ఒక పాలు ట్రాస్. అదే వాడేస్తే సరిపోతుందని వేరేవాళ్లయితే అనుకునేవాళ్లు.

స్మీటన్ అక్కడ ఆగలేదు. అన్ని సున్నాలూ ఒకటేనా అని తనను తాను అడిగాడు. గట్టి రాయిని కాలిస్తే గట్టి సున్నం వస్తుంది, మెత్తటి రాయిని కాలిస్తే బలహీనమైన సున్నం వస్తుంది.. ఇదీ అప్పటి మేస్త్రీల నమ్మకం. రోమన్ల కాలం నుంచీ వస్తున్న మాట. నిజమో కాదో చూద్దామని రకరకాల ఊళ్ల నుంచి సున్నపురాళ్లు తెప్పించాడు.

గిన్నెలో ఉండ.. అదే ల్యాబ్

అతని పరీక్ష ఎంత సింపుల్ అంటే, హాస్టల్ గదిలో కూడా చేసేయొచ్చు. సున్నంలో పొడి కలిపి, కొద్దిగా నీళ్లు పోసి, బాగా మర్దించి, సుమారు రెండంగుళాల ఉండ చేశాడు. అది కాస్త బిగుసుకున్నాక నీళ్ల గిన్నెలో వేశాడు. ఆపైన రోజూ చూడటమే. ఉండ విచ్చిపోయిందా, అలాగే ఉందా, ఇంకా గట్టిపడిందా?

ఫలితం పాత నమ్మకాన్ని తిరగేసింది. పాలరాయి లాంటి గట్టి ప్లిమత్ రాయి సున్నం, చేత్తో నలిపితే పొడయ్యే సుద్దరాయి సున్నం.. రెండూ నీళ్లలో ఒకేలా ప్రవర్తించాయి. రాయి గట్టిదనానికి, సున్నం బలానికి సంబంధమే లేదన్నమాట. కానీ వేల్స్ తీరంలోని ఆబర్‌థా నుంచి వచ్చిన బూడిదరంగు రాయి మాత్రం తేడాగా కనిపించింది. దాని సున్నం నీళ్లలోనూ గట్టిపడింది.

ఎందుకు? ఈ ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. పని చేసింది కదా, వాడేద్దాం అనుకుంటారు. స్మీటన్‌కు కెమిస్ట్రీ అంతగా రాదు. ప్లిమత్‌లో ఉండే విలియం కుక్‌వర్తీ అనే రసాయన శాస్త్రజ్ఞుడి దగ్గరకు వెళ్లి, రాయిని విశ్లేషించడం ఎలాగో నేర్చుకున్నాడు. రాతి పొడిని నైట్రిక్ ఆమ్లంలో వేస్తే సున్నం భాగమంతా కరిగిపోతుంది. సుద్దరాయి దాదాపు పూర్తిగా కరిగింది. ఆబర్‌థా రాయి మాత్రం అడుగున మడ్డి మిగిల్చింది. ఆ మడ్డిని ఆరబెట్టి, ఉండ చేసి కాలిస్తే ఇటుకలా తయారైంది. అంటే అది బంకమట్టి!

గుట్టు దొరికింది. సున్నపురాయిలో సహజంగా మట్టి కలిసి ఉంటే, కాల్చినప్పుడు ఆ మట్టిలోని సిలికా, అల్యూమినా సున్నంతో కలుస్తాయి. నీళ్లు తగిలితే గట్టిపడే పదార్థాలు పుడతాయి. ఈ వివరణ తర్వాతి తరాల రసాయన శాస్త్రం ఇచ్చింది. మట్టే అసలు కారణమని పరీక్షతో పట్టుకున్నది మాత్రం స్మీటన్. నీళ్లలో గట్టిపడే సున్నానికి గుర్తు రాయి గట్టిదనం కాదు, అందులోని మట్టి.. ఈ ఒక్క వాక్యం మీదే ఆధునిక సిమెంటు పరిశ్రమ నిలబడింది.

అమ్ముడుపోని సరుకే అక్కరకొచ్చింది

ఇక సున్నంలో కలిపే పొడి. డచ్చి ట్రాస్‌తో పాటు ఇటలీ అగ్నిపర్వత బూడిద పొజొలానాను కూడా పరీక్షించాడు. రోమన్లు రేవులు కట్టింది దీంతోనే. తడుస్తూ ఆరుతూ ఉండేచోట ట్రాస్ కన్నా పొజొలానాయే నమ్మకంగా ఉందని తేలింది. లైట్‌హౌస్ గోడ పరిస్థితి సరిగ్గా అదే కదా, పోటుకు తడుస్తుంది, ఆటుకు ఆరుతుంది.

అదృష్టం కూడా కలిసొచ్చింది. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ వంతెన కడుతున్నప్పుడు గిరాకీ ఉంటుందని ప్లిమత్ వ్యాపారి ఒకరు ఇటలీలోని చివిటావెక్యా రేవు నుంచి పొజొలానా తెప్పించుకున్నాడు. అక్కడివాళ్లు దాన్ని పట్టించుకోలేదు. సరుకు గోడౌన్లో పడి ఉంది. స్మీటన్ అది కొనేశాడు. ఆబర్‌థా సున్నం, పొజొలానా.. రెండూ సమపాళ్లలో. ఈ పాళ్లు కూడా ఊహించి పెట్టినవి కావు. ఎక్కువా తక్కువా కలిపి చూసి, ఏది బాగా గట్టిపడుతుందో తేల్చుకున్నాకే ఖాయం చేశాడు. ఆ మాలు గట్టిపడితే పోర్ట్‌లాండ్ అనే ఊరి ప్రసిద్ధ రాయికి దీటుగా ఉంటుందని తర్వాత తన పుస్తకంలో రాసుకున్నాడు.

అలల మధ్య ఉద్యోగం

1756 ఆగస్టులో రాయి చెక్కే పని మొదలైంది. ఆటు ఉన్న కొద్ది గంటలే పని. గాలి మారితే పడవ రాయి దగ్గరకే పోలేదు. వారానికో బృందం చొప్పున కూలీలు మారేవాళ్లు. ఇంకో చిక్కు.. అప్పట్లో నౌకాదళం వాళ్లు తీరంలో కనిపించిన కుర్రాళ్లను బలవంతంగా ఓడల్లోకి లాక్కుపోయేవారు. అందుకే స్మీటన్ తన పనివాళ్లకు ప్రత్యేకంగా పతకాలు చేయించి ఇప్పించాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఐడీ కార్డులు.

మొదటి రాయి 1757 జూన్ 12న పడింది. బయటివైపు కార్న్‌వాల్ గ్రానైట్, లోపల పోర్ట్‌లాండ్ రాయి. ప్రతి వరుసనూ ముందు ఒడ్డు మీద పేర్చి, సరిగ్గా కూర్చుందని చూశాకే సముద్రంలోకి పంపేవారు. స్మీటన్ ఒడ్డున కూర్చుని ఆజ్ఞలు జారీ చేసే రకం కాదు. ఓసారి చీకట్లో కాలు జారి రాళ్ల మీద పడితే బొటనవేలు తొలగింది. చుట్టూ నీళ్లు, డాక్టర్ లేడు. తనే లాగి సరిచేసుకుని పనిలో పడ్డాడు.

అలా సుమారు 22 మీటర్ల రాతి మాను సముద్రంలో లేచింది. 1759 అక్టోబరు 16న దీపం వెలిగింది. దీపమంటే 24 కొవ్వొత్తులు! ఆ వెలుగే ఓడలకు దారి చూపింది. 1762లో భీకర తుపాను వచ్చి ప్లిమత్ తీరాన్ని దెబ్బతీసింది. తెల్లారాక జనం టెలిస్కోపులు పెట్టి చూస్తే, లైట్‌హౌస్ నిటారుగా నిలబడే ఉంది.

ఎన్నాళ్లు నిలిచిందో తెలుసా? 123 ఏళ్లు పని చేసింది. 1882లో దాన్ని మార్చాల్సి వచ్చింది. మాలు వదిలేయలేదు, రాళ్లు పగల్లేదు. కింద ఉన్న సహజమైన బండనే సముద్రం తొలిచేసింది, అందుకే పెద్ద అలలకు ఊగడం మొదలైంది. పై భాగాన్ని విప్పి తీసుకొచ్చి ప్లిమత్ ఒడ్డున మళ్లీ నిలబెట్టారు. కింది మొండెం నేటికీ సముద్రంలో ఉంది. ఎడిస్టోన్‌కు వెళ్తే కొత్త లైట్‌హౌస్ పక్కనే కనిపిస్తుంది.

పేరూ.. పరాభవమూ

ఎడిస్టోన్ తర్వాత స్మీటన్‌కు పనికి కొదవ లేదు. స్కాట్లాండ్‌లో కోల్డ్‌స్ట్రీమ్, పెర్త్ వంతెనలు, ఫోర్త్-క్లైడ్ కాలువ, రామ్స్‌గేట్ రేవు, మిల్లులు, ఆవిరి యంత్రాలు.. అన్నింట్లోనూ అదే పద్ధతి. కొలవడం, మార్చడం, మళ్లీ కొలవడం. అప్పటిదాకా ఇంజినీరంటే కోటలు, ఫిరంగుల పని చూసే సైన్యంలోని మనిషే. ప్రజల కోసం కట్టేవాడు వేరని చూపించడానికి తనను సివిల్ ఇంజినీర్ అని పిలుచుకున్నాడు. 1771లో తోటివాళ్లతో కలిసి సివిల్ ఇంజినీర్ల సంఘం పెట్టారు. ప్రపంచంలో అలాంటి వాటిలో అదే మొదటిది.

అన్నీ గెలుపులే అనుకోవద్దు. ఇంగ్లండ్‌లో హెక్సామ్ దగ్గర టైన్ నది మీద ఆయన డిజైన్ చేసిన వంతెన 1780లో పూర్తయింది. 1782 మార్చిలో వచ్చిన వరదకు కూలిపోయింది. గోడల్లో లోపం కాదు, పునాది కింది గులకనేలను ఆ వేగానికి నీరు కోసేసింది. సముద్రాన్ని గెలిచిన మనిషిని ఒక నది ఓడించింది. ఆ దెబ్బ ఆయన్ని చాలా కుంగదీసింది. మాలు ఎంత గట్టిదైనా దాని కింది నేల గురించి తెలియకపోతే కట్టడానికి భరోసా లేదు.. రెండు కట్టడాలూ చివరకు చెప్పింది ఇదే.

ఎడిస్టోన్ కథంతా 1791లో పుస్తకంగా తెచ్చాడు. సున్నం పరీక్షలన్నీ అందులో వివరంగా రాశాడు. లైట్‌హౌస్ కట్టడం కన్నా దాని గురించి రాయడమే కష్టమైందని ఒప్పుకొన్నాడు కూడా. ప్రాజెక్టు రిపోర్టు రాయలేక అవస్థపడేవాళ్లకు ఇది కాస్త ఊరట! మరుసటి ఏడాది, 1792 అక్టోబరు 28న, పుట్టిన ఆస్ట్‌హోర్ప్‌లోనే కన్నుమూశాడు.

ఆ ఉండ నుంచి మన క్యూబ్ దాకా

స్మీటన్ చూపిన దారిలో సున్నం, మట్టి కావాలనే కలిపి కాల్చడం మొదలైంది. 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంట్ తీసుకున్నాడు. ఆయన కూడా లీడ్స్‌వాడే, తాపీ మేస్త్రీ. అదే కాలంలో ఫ్రాన్స్‌లో లూయీ వికా ఈ శాస్త్రాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. ల్యాబ్‌లో సెట్టింగ్ టైమ్ చూసే వికా సూది ఆయన పేరుతో ఉన్నదే.

పోర్ట్‌లాండ్ సిమెంటు వచ్చాక పొజొలానా వెనకబడింది. ఇప్పుడు మళ్లీ దాని అవసరం వచ్చింది. కారణం లెక్క చూస్తే తెలుస్తుంది. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్. దీనికి తోడు బట్టీని సుమారు 1450 డిగ్రీల దాకా వేడి చేయడానికి ఇంధనం. ప్రపంచంలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7-8 శాతం సిమెంటుదే. కాబట్టి క్లింకర్ ఎంత తగ్గిస్తే అంత మేలు.

దాని బదులు ఏం కలపాలి? థర్మల్ కేంద్రాల్లో మిగిలే ఫ్లైయాష్, ఉక్కు కర్మాగారాల్లో మిగిలే స్లాగ్, కాల్చిన బంకమట్టి. రామగుండం, విజయవాడ బూడిద, విశాఖ ఉక్కు స్లాగ్ మనకు దగ్గర్లోనే ఉన్నాయి. మైసూరు దగ్గర కృష్ణరాజసాగర్ డ్యామ్‌ను సున్నం, సుర్ఖీతోనే కట్టారు. సుర్ఖీ అంటే కాల్చిన ఇటుకల పొడి.. అంటే అదీ ఒక పొజొలానాయే.

మరి బలం సంగతి? సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు కొంత సున్నం విడుదలవుతుంది. దాని వల్ల బలం రాదు. ఫ్లైయాష్‌లోని సిలికా ఆ సున్నాన్ని పట్టుకుని బలమిచ్చే పదార్థంగా మారుస్తుంది. కాకపోతే నెమ్మదిగా. అందుకే ఫ్లైయాష్ మోర్టార్ 3, 7 రోజులకు వెనకబడుతుంది. పాళ్లు, తడి సరిగ్గా ఉంటే 28 రోజులకు దగ్గరకొస్తుంది, 90 రోజులకు దాటిపోవచ్చు కూడా. కాల్చిన బంకమట్టి ఫ్లైయాష్ కన్నా వేగంగా పని చేస్తుంది. అయితే ఎంత కలిపినా బలమొస్తుందనుకుంటే పొరపాటే. పట్టుకోవడానికి సున్నం అయిపోయాక మిగిలిన బూడిద ఇసుకలాగే పడి ఉంటుంది.

పరీక్ష మాత్రం స్మీటన్ ఉండకు వారసురాలే. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ప్రామాణిక ఇసుకతో 70.6 మిల్లీమీటర్ల క్యూబ్‌లు పోస్తాం. దాని ముఖం వైశాల్యం సుమారు 5000 చదరపు మిల్లీమీటర్లు. ఫ్లైయాష్ కలిసిన పీపీసీకి బీఐఎస్ పెట్టిన కనీస బలం 28 రోజులకు 33 ఎంపీఏ. అంటే అరచేతిలో పట్టే ఆ క్యూబ్ దాదాపు 16.8 టన్నుల బరువు మోయాలి. ఓపీసీ 53 గ్రేడ్‌కైతే అంకె 53. ఇది చూసి పీపీసీ బలహీనం అనేయకండి. 33 అన్నది కనీస హద్దు. మార్కెట్లో దొరికే పీపీసీ సాధారణంగా దాన్ని బాగానే దాటుతుంది.

సైట్‌లో ఇంకో తేడా. ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటు కాంక్రీటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ వంటివి కలిస్తే కనీసం 10 రోజులు తడపాలి. ఆ మూడు రోజులూ నీళ్లు కొట్టకుండా, బూడిద వల్లే గోడ పాడైందంటే తప్పెవరిది?

ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు..

- ఎక్కడ అవకాశాలు: సిమెంటు కంపెనీల క్వాలిటీ కంట్రోల్, సాంకేతిక సేవల విభాగాలు, రెడీమిక్స్ ప్లాంట్లు, ఎన్ఏబీఎల్ గుర్తింపున్న పరీక్ష ల్యాబ్‌లు, గ్రీన్ బిల్డింగ్ కన్సల్టెన్సీలు. సివిల్‌తో పాటు కెమికల్ ఇంజినీరింగ్, బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లకూ ఇందులో చోటుంది. సిమెంటు పరిశోధన సంస్థ ఎన్‌సీబీకి హైదరాబాద్‌లో విభాగం ఉంది.

- ఏ ప్రమాణాలు చూడాలి: ఫ్లైయాష్‌కు ఐఎస్ 3812, పీపీసీకి ఐఎస్ 1489, స్లాగ్ సిమెంటుకు ఐఎస్ 455, క్యూబ్ బలానికి ఐఎస్ 4031 ఆరో భాగం, కట్టుబడి మోర్టార్లకు ఐఎస్ 2250. వీటిలో పీపీసీకి ఫ్లైయాష్ 15 నుంచి 35 శాతం, స్లాగ్ సిమెంటుకు స్లాగ్ 25 నుంచి 70 శాతం అన్న హద్దులు గుర్తుంచుకుంటే చాలా ప్రశ్నలకు జవాబు దొరికినట్టే.

- కొత్తగా వచ్చింది: ఎల్‌సీ3. సగం క్లింకర్, 30 శాతం కాల్చిన బంకమట్టి, 15 శాతం సున్నపురాయి పొడి, 5 శాతం జిప్సం. దీనికి 2023లో ఐఎస్ 18189 ప్రమాణం వచ్చింది. మన ఐఐటీలు కూడా పాలుపంచుకున్న పరిశోధన ఇది. సున్నపురాయి, మట్టి.. ఆబర్‌థా రాయిలో స్మీటన్‌కు దొరికినవీ ఆ రెండే.

- ప్రాజెక్టు చేస్తుంటే: ఒకసారికి ఒకటే మార్చండి. 28 రోజులతో ఆపకుండా 56, 90 రోజుల క్యూబ్‌లు కూడా పోసి పెట్టుకోండి. కొన్ని క్యూబ్‌లను తడుపుతూ, ఆరబెడుతూ కూడా చూడండి. ఫలితం బాగా రాకపోయినా పట్టికలో ఉంచండి. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడగలిగేది ఆ క్యూబ్ గురించే. అది ఎందుకు ముందే పగిలిందో మీకు తెలిసి ఉంటే చాలు.